కొండల్ గాలి

మొన్న ఒక రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి తన సెల్‌ఫోను తెచ్చి నా కళ్ళముందు పెట్టి, "నాన్నా! ఈసారి సెలవులకి మనం ఇక్కడికి పోదాం" అన్నది.

చూచాను. నిజంగానే చూడముచ్చటగా ఉన్నది. నిట్టనిలువు కొండ. ఆ కొండను కరచుకొని ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్లు ఇళ్ళు. ఒకటి గులాబిరంగు, ఒకటి పసుపు, ఒకటి కావిరంగు. కింద చిన్న రేవు, రేవులో పిల్లలు ఆడుకొనే బొమ్మల్లాగా పడవలు, ఆ పైన నీలం తప్ప మరేమీ లేని సముద్రం. ఆ ఊరి పేరు వెర్నాజా అట. ఇటలీ దేశంలో వాయవ్యపు తీరాన ఉన్నదట.

మా ఆవిడ కూడా తొంగిచూచి, "కిటికీలకి బట్టలారేశారు చూడండి. అంత అందమైన ఊళ్ళో కూడా ఆడవాళ్ళకి చాకిరీ తప్పలేదన్నమాట" అని తన పని చూచుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అమ్మాయి మాత్రం వదలలేదు. అక్కడ వరసగా అయిదు ఊళ్ళున్నాయనీ, వాటికి 'చింక్వె తెర్రె', అంటే 'అయిదు నేలలు' అని పేరనీ, 1997లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థవారు వాటిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారనీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. రియోమజ్జోరె, మనరోలా అనే రెండు ఊళ్ళ మధ్య సముద్రం అంచున 'ప్రేమబాట' అని ఒక నడకదారి ఉన్నదట. 2012లో కొండరాళ్ళు జారిపడి దాన్ని మూసివేస్తే, మళ్ళీ పూర్తిగా తెరవడానికి 2024 దాకా పట్టిందట. ఇప్పుడు ఆ దారిన నడవడానికి టిక్కెట్టు కొనాలట! మేము చదువుకునే రోజుల్లో ప్రేమకి బాట ఉండేది కాదు, టిక్కెట్టూ ఉండేది కాదు అనబోయి, పిల్ల ముందు ఎందుకులే అని ఊరుకున్నాను.

విమానం ఖర్చు ఎంతవుతుందో లెక్కవేసి చూచాము. లెక్క పూర్తి కాకముందే మా ఆవిడ లోపలినుంచి, "ఇంటికి వెల్ల వేయించి నాలుగేళ్ళయింది" అన్నది. అంతటితో ఇటలీ యాత్ర ముగిసింది.

కాని అమ్మాయి ముఖం చిన్నబోవడం చూచి నాకొక ఆలోచన తట్టింది. "అమ్మాయీ, సముద్రం కోసం ఇటలీ దాకా పోవాలా? సముద్రమే మన జిల్లాకు వచ్చింది గదా!" అన్నాను.

ఇది హాస్యానికి అన్న మాట కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది మొదలు నూటపదకొండేళ్ళపాటు మాకు సముద్రం లేదు. కొండలున్నాయి, చెరువులున్నాయి, మామిడితోపులున్నాయి, సాక్షాత్తూ ఏడుకొండలవాడే ఉన్నాడు; సముద్రం మాత్రం లేదు. సముద్రం చూడాలంటే మద్రాసు పోవాలి, లేదా నెల్లూరువాళ్ళ తీరానికి పోవాలి. అట్లాంటిది 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు పుట్టినప్పుడు, నెల్లూరు జిల్లా దక్షిణపు కొస వచ్చి తిరుపతి జిల్లాలో కలిసింది. రాత్రి నిద్రపోయి తెల్లవారి లేచేసరికి సముద్రం మాదైంది. భగీరథుడు గంగను తేవడానికి ఎంత తపస్సు చేశాడో మీకు తెలుసు. మాకు ఒక్క ప్రభుత్వపు ఉత్తర్వు చాలింది.

ఇంతకూ నేను సముద్రం మాట ఎత్తడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. అది మా అమ్మాయికి చెప్పలేదు. మీకు చెబుతాను.

2010వ సంవత్సరం నాటి మాట. అప్పుడు నాకు ముప్ఫయి ఏళ్ళు. ఉద్యోగం కొత్త, ఎం.ఏ. పట్టా కొత్త, చేతిలో ఎర్రసిరా కలం కొత్త. మా బి.ఏ. తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. దుగరాజపట్నం దాపున ఒక పట్టపువాళ్ళ పల్లెనుంచి వచ్చి, తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వెనక బల్ల మీద కూర్చొని నోరు విప్పేవాడు కాడు. ఒకనాడు 'నేను చూచిన ప్రకృతి దృశ్యం' అని వ్యాసం వ్రాయమన్నాను. అందరూ తిరుమల ఘాటురోడ్డును, తలకోన జలపాతాన్ని గురించి వ్రాశారు. ఈ అబ్బాయి చిన్నప్పుడు తండ్రితో తెప్పమీద వేటకి పోయిన సంగతి వ్రాశాడు. అందులో ఒక వాక్యం ఇప్పటికీ నాకు గుర్తే: "మధ్యాహ్నానికి కొండల్ గాలి సముద్రం మీదినుంచి వచ్చి మమ్మల్ని ఇంటికి తోసింది."

నేను ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "సముద్రం మీద కొండలెక్కడివి నాయనా?" అని పక్కన వ్రాశాను. వ్రాసి ఊరుకున్నా బాగుండేది. తరగతిలో బిగ్గరగా చదివి వినిపించాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. నాకూ నవ్వు వచ్చింది. మంచి ఛలోక్తి విసిరానని సంతోషం కూడా కలిగింది. దాచడమెందుకు?

రెండునెలలకు ఆ అబ్బాయి చదువు మానేసి వెళ్ళిపోయాడని తెలిసింది. ఎందుకని నేను అడగలేదు.

ఆ తరువాత కొన్నేళ్ళకి వేరే పదం కోసం మద్రాసు విశ్వవిద్యాలయంవారి తమిళ నిఘంటువు తిరగవేస్తుంటే 'కొండల్' అన్న మాట కంటబడింది. మేఘం అని ఒక అర్థం. తూర్పుగాలి అని మరొక అర్థం! ఆ పల్లెలో మాట్లాడే తెలుగులో తమిళం పాలూ నీళ్ళలా కలిసి ఉంటుందన్న సంగతి నాకు తెలియనిది కాదు. తూర్పుగాలి సముద్రం మీదినుంచి రాక, శేషాచలం మీదినుంచి వస్తుందా? పుస్తకం మూసి, మా ఆవిడను పిలిచి, "కొండల్ అంటే ఏమిటో నీకు తెలుసా?" అని అడిగాను. ఆమె పుట్టిల్లు చిత్తూరు. "మబ్బు. మా అమ్మమ్మ తమిళపాటల్లో వచ్చేది" అన్నది కూరగాయలు తరుగుతూనే. అంటే, ఆనాడు ఇంటికి వచ్చి ఒక్కమాట అడిగినా ఆ ఎర్రగీత గీసేవాణ్ణి కాను. పద్యాలలో మలయమారుతాన్ని గురించి గంటల తరబడి వ్యాఖ్యానం చెప్పినవాణ్ణి, తూర్పుగాలికి మన తీరంలోనే ఒక పేరున్నదని తెలుసుకోలేకపోయాను.

ఇదంతా ఇప్పుడెందుకు జ్ఞాపకం వచ్చిందంటే, ఆ అబ్బాయి ఈమధ్య నాకు ఫోను చేశాడు. తన కూతురు అయిదో తరగతి చదువుతున్నదట. వచ్చే ఏడు తిరుపతిలో మంచి బడి ఏదైనా ఉంటే చేర్పించాలని సలహా అడిగాడు. చివర, "ఒకసారి మా ఊరికి రండి సార్, అమ్మను పిల్చుకోని" అన్నాడు. నేను "అలాగే" అన్నాను గాని, మనసులో ముల్లు కదిలింది.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం నాడు మేము ముగ్గురమూ బయలుదేరాము.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేటకి పోయే దారిలో స్వర్ణముఖి మాకు తోడుగా వస్తూనే ఉంటుంది. మా ఊరివాళ్ళకి స్వర్ణముఖి అంటే ఇసుకే. 2021 నవంబరులో ఒకసారి పొంగి, నేనూ నదినే సుమా అని గుర్తుచేసింది. వాకాడు దగ్గర దానికి ఆనకట్ట ఉన్నది. అక్కడ నిండుగా నీళ్ళు చూచి మా అమ్మాయి, "ఇది మన స్వర్ణముఖేనా?" అని ఆశ్చర్యపోయింది. మన ఊళ్ళో నిరుపేదగా కనిపించే మనిషి కూతురింట్లో పట్టుపంచె కట్టుకొని కూర్చున్నట్లున్నది దాని వాలకం.

ఆ తరువాత బకింగ్‌హాం కాలువ వచ్చింది. ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాటి దక్షిణానికి పడవలు నడిచిన కాలువ ఇది. 1806లో మద్రాసుకీ ఎన్నూరుకీ మధ్య చిన్నగా మొదలై, 1877-78 కరువుపనుల నాటికి పెరిగి, ఆనాటి గవర్నరు పేరు పెట్టుకున్నది. శ్రీహరికోట అడవుల వంటచెరకు పడవలకెక్కి మద్రాసు పొయ్యిలదాకా చేరింది ఈ నీటిమీదనే. ఇప్పుడు ఆ పడవలు లేవు. కాలువ గట్టున మేకలు మేస్తున్నాయి.

కాలువ దాటితే సవకతోపులు. తోపులు దాటితే ఇసుక. ఇసుక దాటితే, అదుగో సముద్రం!

పల్లె చూచి మా అమ్మాయి ముందు కాస్త నిరాశపడ్డ మాట నిజం. కొండ లేదు. రంగులమేడలు లేవు. సునామీ తరువాత కట్టిన వరస ఇళ్ళు కొన్ని, వాటి మధ్య తాటాకు పందిళ్ళు, ఒక గంగమ్మగుడి. కాని ఒడ్డున నిలబెట్టిన ఫైబరు పడవలున్నాయి చూశారూ, నీలం, ఎరుపు, పచ్చ, ఒక్కొక్కదాని ముక్కున రెండు కళ్ళు చిత్రించి, వెర్నాజా పడవలకేమీ తీసిపోవు. ఆరబెట్టిన వలలు ఎండలో ఊదారంగు పొగమబ్బులాగా ఉన్నాయి.

నా శిష్యుడు ఎదురువచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, ఒళ్ళు గట్టిపడింది. కణతల దగ్గర నాలుగు నెరసిన వెంట్రుకలు. "బాగుండారా సార్? దావలో కష్టం కాలేదు గదా?" అన్నాడు. చలిగాలి ఒకటి జివ్వున కొట్టింది. "వాడగాలి సార్, తలకి గుడ్డ చుట్టుకోండి" అన్నాడు.

మా ఆవిడ ఆశ్చర్యపోయి, "ఈ చలికాలంలో వడగాలి ఏమిటి నాయనా?" అన్నది.

నేను చప్పున, "వడగాలి కాదు, వాడగాలి. అంటే ఉత్తరపు గాలి" అన్నాను. అని, ఆ అబ్బాయి ముఖంలోకి చూడలేక సముద్రం వంక చూచాను. అతను కూడా ఏమీ అనలేదు.

అతని తండ్రి ఇంటిముందు పందిరికింద వల అల్లుతూ కూర్చొని ఉన్నాడు. ముసలాయన. మేము పక్కన కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి గాలి అంటే ఒకటి కాదు. ఉత్తరాన్నుంచి వచ్చేది వాడ. చలి తెస్తుంది, సముద్రాన్ని రేపుతుంది. తూర్పునుంచి వచ్చేది కొండల్. పడమటినుంచి ఎండాకాలంలో వేడిగా వచ్చేది కచ్చాన్. వెనకటి రోజుల్లో ఇంజన్లు లేవు. తెల్లవారకముందు నేలమీదినుంచి సముద్రం వైపు గాలి వీచేటప్పుడు తెప్పకి చాప ఎత్తేవారు. అది లోపలికి తీసుకొనిపోయేది. పొద్దెక్కి నేల కాగితే గాలి అటునుంచి ఇటు తిరుగుతుంది. ఆ గాలి పట్టుకొని ఇల్లు చేరేవారు. "పొయ్యేదానికి ఒక గాలి, వచ్చేదానికి ఒక గాలి. దేముడు అట్లా పెట్టినాడు అయివోరా" అన్నాడు.

భూగోళం పుస్తకంలో భూపవనాలు, సముద్రపవనాలు అని మా అమ్మాయి బట్టీపట్టిన పాఠం ఇదే. నేల త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది, నీరు ఆలస్యంగా. ఆ తేడావల్లనే గాలి రోజుకి రెండుసార్లు దిక్కు మారుతుంది. "నాన్నా, ఇది మాకు నాలుగు మార్కుల ప్రశ్న" అన్నది అమ్మాయి. నాలుగు మార్కులు కాదమ్మా, ఆయనకి అది బ్రతుకు అన్నాను.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. ఇటలీ తీరపువాళ్ళకి కూడా గాలులకి ఇట్లాగే పేర్లున్నాయి. ఆగ్నేయపు గాలి సిరొక్కో, నైరుతిది లిబెచ్చో, వాయవ్యానిది మాయెస్త్రాలే. ఉత్తరపు గాలికి 'త్రమొంతానా' అని పేరు. ఆ మాటకి అర్థమేమిటో తెలుసునా? 'కొండల అవతలిది' అని! అక్కడి పిల్లవాడెవడైనా "కొండలగాలి" అని వ్రాస్తే ఏ పంతులూ నవ్వి ఉండడు. మా పిల్లవాడి గాలిలో కొండే లేదు. ఆ కొండను నేను పుట్టించి, దానిమీద నేనే నవ్వాను.

ముసలాయన మాటల్లో తెప్ప ప్రసక్తి వచ్చింది గనుక ఇంకొక మాట. నాలుగు దుంగలు కలిపి కట్టిన ఈ తెప్పనే తమిళంలో 'కట్టుమరం' అంటారు. ఇంగ్లీషువాళ్ళు దాన్నే 'కాటమరాన్' చేసికొని ప్రపంచమంతా చాటారు. మన రేవుల్లో వాళ్ళు నేర్చుకున్న మాటలు ఇట్లాంటివి ఇంకెన్నో.

అన్నట్టు, ఆ ఇంగ్లీషువాళ్ళు తొలినాళ్ళలో దిగిన చోట్లలో ఒకటి కూడా ఈ పక్కనే. 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టిన ఈస్టిండియా కంపెనీవారు, 1626లో దుగరాజపట్నం వచ్చి గిడ్డంగి కట్టి, చుట్టూ గోడ పెట్టి, ఫిరంగులు నిలుపుకున్నారు. తమకు సాయం చేసిన ఆరుముగ మొదలియారు పేరుమీద ఆ చోటికి 'ఆర్మగాన్' అని పేరు పెట్టుకున్నారు. దక్షిణాన పులికాటులో డచ్చివారు అప్పటికే, 1613లోనే, కోట కట్టుకొని కూర్చున్నారు. ఇక్కడ బట్టల వర్తకం గిట్టుబాటు కాక, ఆర్మగానులో అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే మరొక చోటు వెదుక్కుంటూ దక్షిణానికి పోయాడు. 1639 ఆగస్టులో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుకతీరం సంపాదించాడు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరుమీదనే అది చెన్నపట్నమయింది. ఆనాడు ఈ నాయకులకి పైన ప్రభువులు మా చంద్రగిరిని ఏలిన విజయనగరపు చివరి రాజులు. డే దొరకి ఇక్కడే బేరం కుదిరి ఉంటే, ఈ సవకతోపుల్లో ఇవాళ హైకోర్టు ఉండేది, సెంట్రల్ స్టేషను ఉండేది, ఈ ముసలాయన ఇంటిముందు ట్రాములు తిరిగి ఉండేవి!

ఊరికి రాబోయి ఆగిపోయిన భాగ్యం అదొక్కటే కాదు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామనీ, మొదటిదశ 2018 చివరికి పూర్తిచేస్తామనీ వ్రాశారు. 2018 వచ్చింది, పోయింది. ఓడ రాలేదు. "వచ్చుంటే బాగుండేదా?" అని అడిగాను. నా శిష్యుడు కాసేపు ఆలోచించి, "ఏమో సార్. వచ్చుంటే మా పిల్లోళ్ళకి పనులు దొరికేవి. మా పడవలు యాడ పెట్టుకునేవాళ్ళమో మాత్రం తెలీదు" అన్నాడు. నేను చదివిన ఏ సంపాదకీయమూ ఆ సమస్యను రెండువాక్యాల్లో అంత స్పష్టంగా చెప్పలేదు.

మా అమ్మాయి అడిగితే అతను తన సంపాదన సంగతీ చెప్పాడు. పడవకి, ఇంజనుకి, వలకి వ్యాపారి అప్పు ఇస్తాడు. అప్పు ఇచ్చినవాడికే చేప అమ్మాలి. ధర అతను చెప్పిందే ధర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవైయొక్క రోజులు చేపలు గుడ్లుపెట్టే కాలమని వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని ఇరవైవేలు చేశారు. పొరుగు రేవులనుంచి పెద్ద మరపడవలు వచ్చి ఒడ్డుదాకా ఊడ్చుకొనిపోతే చిన్నపడవకి మిగిలేది తక్కువ. ఇక దక్షిణాన ఉప్పుటేరు, ప్రళయకావేరి అని ఎంత గంభీరమైన పేరో చూడండి, మనం పులికాటు అని తమిళపు ఊరిపేరుతో పిలుస్తున్నాము, దాని కథ ఇంకొకటి. చిలక తరువాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఆరణి, కాళంగి నదులు మా చిత్తూరు కొండల నీళ్ళను మోసుకొనిపోయి అందులో పోస్తాయి. సముద్రంతో దాన్ని కలిపే ముఖద్వారాలు ఇసుకమేటవేసి పూడిపోతుంటే, లోపలికి రొయ్యపిల్ల రావడం తగ్గిపోతుంది, నీరు ఇంకిపోతుంది. ఫ్లెమింగోల కోసం మనం కారుల్లో పోయి ఫొటోలు తీస్తాము. ఆ పక్షి దిగే నీటికోసమే పల్లెవాళ్ళు ఏళ్ళతరబడి అర్జీలు పెట్టుకుంటున్నారు. ఆ తీరపు బ్రతుకును, ఆ నుడిని చదవాలనుకునేవారు స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదవండి. నేను 2010కి ముందే చదివి ఉండవలసింది.

భోజనానికి ముందురాత్రి వండిన వంజరం పులుసు పెట్టారు. చేపలపులుసు మరునాటికే రుచి అని నెల్లూరు సీమవాళ్ళ సిద్ధాంతం. నాకూ ఆ సిద్ధాంతంలో లోపమేమీ కనిపించలేదు. పక్కన నెత్తళ్ళ కరవాడు వేయించి పెట్టారు. ఇటలీ అయిదు ఊళ్ళలో ఒకటైన మొంటెరోస్సోకి కూడా ఉప్పులో ఊరవేసిన నెత్తళ్ళే పేరుతెచ్చాయట! రెండు తీరాలకీ గాలులూ ఉన్నాయి, నెత్తళ్ళూ ఉన్నాయి. ఉపద్రవాలూ ఉన్నాయి. 2011 అక్టోబరు 25న కుండపోతవానకి కొండచరియలు విరిగి ఆ అందమైన వెర్నాజా వీధులు బురదలో మునిగిపోయాయి. ఇక్కడివాళ్ళు 2004 డిసెంబరు 26న సునామీ అనే జపాను మాట నేర్చుకున్నారు. బొమ్మలో ఇవేవీ కనబడవు. బొమ్మ చూచేవాళ్ళం మనం సాయంకాలానికి ఇంటికి వెళ్ళిపోతాము గనుక అది అందంగా ఉంటుంది.

చేతులు కడుక్కొని ఒడ్డుకి నడిచాము. మేమిద్దరమే ఉన్నాము. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "అప్పుడు చదువెందుకు మానేశావు?" అని అడిగాను.

"ఆ నవంబరులో జల్ తుఫాను వచ్చింది గదా సార్. పడవా వలా పోయినాయి. నాయనకి చెయ్యి విరిగింది. ఇంక నేను రాకుంటే కుదర్లా."

నాకు గుండెమీదినుంచి బరువు దిగినట్లయింది. దిగిందని సంతోషించే లోపలనే అతను, "కానీ సార్, ఆ పొద్దు క్లాసులో నవ్వినాక, నేను మళ్ళీ ఏమీ రాయలా. అంతకుముందు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి" అన్నాడు. కోపంగా అనలేదు. వాడగాలి చల్లగా ఉన్నదని చెప్పినట్లే చెప్పాడు.

శిష్యుడి దగ్గర తప్పు ఒప్పుకోవడం పుస్తకాల్లో చదివినంత సులువు కాదండీ. నేను చాలాసేపు ఇసుకలో కాలితో గీతలు గీశాను. చివరికి, "నీ వాక్యం సరిగ్గానే ఉన్నది. తప్పు నాది. కొండల్ అంటే నాకు తెలియదు" అన్నాను. అతను తలవూపి, దూరాన వస్తున్న పడవను చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికి తిరిగివచ్చేసరికి వాళ్ళమ్మ ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్కు కవరులో భద్రంగా పెట్టిన ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. "చూడండయ్యా, మావోడు చదువుకున్నప్పటి కాయితం. తుఫానప్పుడు కూడా తడవనీలా. ఎంత ఎర్రంగా రాసినారో! ఇంత శ్రద్ధగా దిద్దినారంటే మావోడి మింద అయివోరికి ఎంత అభిమానమో అనుకోని దాచిపెట్టినా" అన్నది.

ఆ కాగితం నేను వెంటనే గుర్తుపట్టాను. సముద్రం మీద కొండలెక్కడివి నాయనా?

ఆమెకి చదువు రాదు. కొడుక్కి వచ్చు. కాని పదిహేనేళ్ళుగా అందులో ఏమి వ్రాసి ఉన్నదో అతను తల్లికి చెప్పలేదు. మా ఆవిడ కాగితం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూచి, కళ్ళతోనే అంతా అర్థం చేసుకున్నది.

జేబులో నీలిసిరా కలం ఉన్నది. అక్కడే మంచం మీద కూర్చొని, నా ఎర్రమాటను నేనే కొట్టివేశాను. పక్కన, "ఒప్పు. కొండల్ అంటే తూర్పుగాలి. నాకు తెలియక దిద్దాను" అని వ్రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. ముసలామె మనవరాలిని పిలిచి, "అయివోరు ఏం రాసినారు చదవమ్మీ" అన్నది. ఆ పిల్ల ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని పైకి చదివింది. అందరూ విన్నారు. ఆనాడు తరగతిలో అందరూ విన్నారు గదా, ఇదీ న్యాయమే.

అప్పుడు నా శిష్యుడు మొదటిసారి నవ్వాడు. "మార్కులు కూడా మార్చండి సార్" అన్నాడు.

పదికి నాలుగు వేసి ఉన్నాను. ఏడు చేశాను. "పది ఎందుకు వెయ్యలేదు నాన్నా?" అని మా అమ్మాయి కోప్పడింది. మూడు అక్షరదోషాలున్నాయమ్మా, అవి గాలులు కావు, దోషాలే అన్నాను.

తిరిగివచ్చేటప్పుడు ఎండుచేపల పొట్లం ఒకటి మా కారునిండా తన ఉనికి చాటుకుంటుంటే, అమ్మాయి వెనకసీటులో కూర్చొని వాడ, కొండల్, కచ్చాన్ అని తన నోటుబుక్కులో వ్రాసుకుంటున్నది. ఇటలీ మాట ఎత్తలేదు. ఎత్తినా తప్పులేదు; ఎప్పటికైనా పోవచ్చు. మీలో ఎవరైనా మా తీరానికి వస్తే మాత్రం ఒక మనవి. పడవలను ఫొటో తీసుకోండి, బాగుంటాయి. ఆ తరువాత వల దగ్గర కూర్చున్న మనిషి పక్కన పదినిమిషాలు కూర్చొని, ఇవాళ ఏ గాలి అని అడగండి. అతను చెప్పేది ఫొటోలో రాదు.

జూన్‌లో ఆ పిల్ల మా ఊరి బడిలో చేరుతుంది. దానికి తెలుగు చెప్పే అయ్యవారెవరో, అమ్మగారెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఏదో ఒకరోజు దాని వ్యాసంలో తెలియని మాట తగులుతుంది. ఎర్రసిరా తీసేముందు ఒక్కసారి ఆ పిల్లనే అడిగితే బాగుండును.